క్లాస్ ఫస్ట్ పిల్లల చేతికి బెత్తం ఇవ్వకండి

ఉభయ తెలుగు రాష్ట్రాల హైస్కూళ్ళ హెడ్మాస్టర్లకు, ప్రిన్సిపాళ్ళకు, క్లాస్ టీచర్లకు,

నమస్కారం.

నేను తెనాలిలో ఇంటి దగ్గరే ట్యూషన్లు చెబుతాను. లెక్కలు, సైన్సు, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా. జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలూ, ఊళ్ళో ఉన్న రకరకాల ప్రైవేటు స్కూళ్ళ పిల్లలూ సాయంత్రం ఆరింటికి మా వరండాలో ఒకే చాప మీద సర్దుకుంటారు. పుస్తకాలు తీసే ముందు కాసేపు వాళ్ళ నోళ్ళు ఊరుకోవు. ఆ రోజు ఎవరు ఎవర్ని కొట్టారు, ఏ సారు ఏమన్నారు, ఎవరితో ఎవరు మాటలు మానేశారు, అన్నీ అప్పుడే బయటికొస్తాయి. ఈ ఉత్తరంలో రాస్తున్నవి చాలావరకు ఆ కబుర్లలో విన్నవే. ఏ బడి పేరూ రాయడం లేదు. ఏదో ఒక్క బడికే పరిమితమైన సంగతులూ కావివి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మా అబ్బాయి టాపర్ కాదు. క్లాసులో మధ్యలో ఉంటాడు, ఆ మధ్యలో హాయిగానే ఉంటాడు. కాబట్టి ఈవిడ తన బిడ్డ కోసం వకాల్తా పుచ్చుకుందని అనుకోవద్దు.

ఆరో తరగతి పిల్లలు తమ క్లాస్ ఫస్ట్ గురించి చెప్పేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. "ఆంటీ, మా క్లాసులో ఒకమ్మాయి ఉంది, పంతొమ్మిదో ఎక్కం కూడా గడగడా చెప్పేస్తుంది" అంటారు, ఆ ఎక్కం తామే చెప్పినంత సంబరంగా. వాళ్ళే తొమ్మిదికొచ్చేసరికి "అదా? దానికి పొగరు ఆంటీ" అంటారు. మధ్యలో ఏం జరిగింది? ఈడు పెరిగింది, నిజమే. పోలికలూ అసూయలూ మొదలయ్యే వయసే అది. కానీ అంతా వయసు మీదికి నెట్టేసి ఊరుకుంటే పెద్దవాళ్ళు చేసింది కనపడకుండా పోతుంది. బాగా చదివే పిల్లను తెచ్చి మిగతా పిల్లల్ని దండించడానికి వాడుకుంటున్నాం. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఈ పద్ధతి మీకు తెలియనిది కాదు, మీలో కొందరు చిన్నప్పుడు రుచి చూసి కూడా ఉంటారు. టీచరు ప్రశ్న అడుగుతారు. వరసలో ఒక్కొక్కరూ లేచి నిలబడతారు, జవాబు రాదు. చివరికి క్లాస్ ఫస్ట్ పిల్ల చెబుతుంది. "వెళ్ళి అందరికీ ముక్కు పట్టుకుని తలో లెంపకాయ ఇయ్యి" అంటారు టీచరు. ఆ పిల్ల మొదటివాణ్ణి ఊరికే తాకినట్టు కొడుతుంది. "అట్లా కాదు, ఎట్లా కొట్టాలో నీకు చూపించనా?" అని ఆ పిల్ల మీదికే చెయ్యి లేస్తుంది. దాంతో రెండోవాడికి గట్టిగా తగులుతుంది. క్లాసు గొల్లుమంటుంది.

ఎనిమిదో తరగతి చదివే ఒకబ్బాయి ఈ ముచ్చట మా వరండాలో నవ్వుతూనే చెప్పాడు. "అది కొట్టింది కదా ఆంటీ, లంచ్‌లో దాని బాక్సులో ఇసుక పోశాం." మరి కొట్టమన్నది సారు కదరా అంటే, నాకేదో లోకం తెలియనట్టు చూశాడు. సారు క్యారియర్లో ఇసుక పొయ్యలేడు కదా.

2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదనీ, మానసికంగా వేధించకూడదనీ చెబుతోంది. ఆ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు, చాలా స్టాఫ్ రూముల్లో అది ప్రింటు తీసి అంటించే ఉంటుంది. దాని భయంతోనే కాబోలు, కొన్నిచోట్ల పెద్దవాళ్ళ చెయ్యి ఆగి పిల్లల చెయ్యి లేస్తోంది. పిల్ల చేత కొట్టించినా అది టీచరు వేసిన శిక్షే. పైగా ఇందులో దెబ్బ తిన్నవాడికి ఒక బాధ, కొట్టినదానికి ఇంకో బాధ. ఆ రెండోదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే ఆ పిల్లకి వంద మార్కులొచ్చాయి, ఇంకేం కావాలి?

లీడరు సంగతి కూడా అంతే. మార్కులెక్కువొచ్చిన పిల్లే క్లాస్ లీడరు కావాలని ఎక్కడా రూలు లేదు, అయినా చాలా క్లాసుల్లో అదే జరుగుతుంది. లీడరు చేసే పనేమిటి? టీచరు లేనప్పుడు మాట్లాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ మార్కు, ఇంకా ఆపకపోతే రెండోది. ప్రాణ స్నేహితురాలి పేరు రాయకపోతే క్లాసంతా అరుస్తుంది, రాస్తే స్నేహం కట్. హోంవర్కు చెయ్యనివాళ్ళ లిస్టు ఇవ్వాల్సిందీ ఆ పిల్లే. స్లిప్ టెస్టు పేపర్లు దిద్దాల్సిందీ ఆ పిల్లే. అర మార్కు తగ్గించినందుకు సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర సమాధానం చెప్పుకోవాల్సిందీ ఆ పిల్లే. పద్నాలుగేళ్ళ పిల్లకి జీతం లేని పోలీసు ఉద్యోగం ఇచ్చి, "నీకు ఫ్రెండ్సు లేరేంటమ్మా, కాస్త కలివిడిగా ఉండాలి" అని పేరెంట్స్ మీటింగులో సలహా ఇస్తున్నాం.

ఇక మాటలు. "వాణ్ణి చూసి నేర్చుకోండి" అనేది వీటన్నిట్లోకీ మెత్తనిది. "వాడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోండి" అనేది ఇంకో మెట్టు. అక్కడి నుంచి ఇంకా కిందికి దిగే మాటలున్నాయి, అవి ఇక్కడ రాయలేను, మీలో చాలామంది విన్నవే. కానీ నాకు వీటన్నిటికంటే గుచ్చుకునేవి రెండున్నాయి. ఒకటి: "ఆడపిల్లకంటే తక్కువొచ్చాయి, సిగ్గులేదురా?" రెండోది ఎస్సీ కాలనీ నుంచి వచ్చే పిల్లాడు ఫస్ట్ వచ్చినప్పుడు వినపడేది: "వాడికే అన్ని మార్కులొస్తుంటే మీకేం రోగం?"

ఆ "వాడికే"లో ఉన్న "కే" ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. పొగిడినట్టే ఉంటుంది. ఆ పిల్లాడికీ తెలుసు తననేమన్నారో, వెనక బెంచీలవాళ్ళకీ తెలుసు. రేపు వాడికి స్కాలర్‌షిప్ వచ్చినా, మంచి కాలేజీలో సీటు వచ్చినా "నీకేంట్రా, రిజర్వేషన్ ఉందిగా" అని తోటివాడు అనడానికి కావలసిన దినుసులన్నీ అందులోనే ఉన్నాయి. ఫస్ట్ ర్యాంకు వచ్చినవాడితో కూడా అనేస్తారు ఆ మాట, లెక్క కూడా చూసుకోరు.

పరీక్ష అయిపోయి బయటికొచ్చాక బాగా చదివే పిల్లలు ఏం చెబుతారో గమనించారా? "సరిగ్గా రాయలేదే, పోతానేమో" అని ఏడుపు మొహం పెడతారు. రిజల్టు వస్తే 98. "చూశారా ఆంటీ, ఎన్ని నాటకాలో" అని మిగతా పిల్లలకు ఒళ్ళు మండుతుంది. అది నాటకమే, కాదనను. కానీ "బాగా రాశాను" అని చెప్పి ఒకసారి దెబ్బ తిన్న పిల్లే ఆ నాటకం నేర్చుకుంటుంది. ఇంకో రకం కూడా ఉంది. జవాబు తెలిసీ చెయ్యెత్తకపోవడం, తెలిసిన లెక్కనే ఒక స్టెప్పు తప్పుగా చేసి రెండో ర్యాంకుకి జారడం. మా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి ట్యూషన్లో ఇట్టే చేసేసే రకం లెక్కనే బడి పరీక్షలో వదిలేసి వచ్చింది. పేపరు నా ముందు పెట్టి, "వదిలేశాను ఆంటీ, ఈ నెల కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అంది. వాళ్ళమ్మకి చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. ఇప్పుడు ఊరందరికీ రాస్తున్నాను గానీ, వాళ్ళమ్మకి చెప్పలేదు.

ప్రైవేటు స్కూళ్ళ ప్రిన్సిపాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మీ దగ్గర సెక్షన్ల పేర్లు ఏవైనా కానివ్వండి, స్టార్ బ్యాచ్ అనండి, ఒలింపియాడ్ అనండి, ఐఐటీ ఫౌండేషన్ అనండి, మొదటి సెక్షన్ అంటే ఎవరో, చివరి సెక్షన్ అంటే ఎవరో వాచ్‌మెన్‌కి కూడా తెలుసు. నెల పరీక్షలో మార్కులు తగ్గితే పిల్ల బ్యాగు సర్దుకుని అందరి ముందు నుంచీ పక్క గదిలోకి నడవాలి. కొత్త గదిలో "దిగొచ్చావా తల్లీ" అని స్వాగతం. పాత గదిలోని స్నేహితులకు బస్సులో పలకరించే తీరికుండదు. ఒకే అపార్ట్‌మెంటులో, ఒకే ఆటోలో వెళ్ళే పిల్లలు సెక్షన్లు వేరై పండక్కి కూడా మాట్లాడుకోకపోవడం నేను చూస్తున్నాను.

దీని మీద సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మీరు చదివే ఉంటారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని కేసు అది. 2025 జూలై 25న ఇచ్చిన తీర్పులో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని అందులో ఉంది. వందమంది, అంతకుమించి పిల్లలున్న చోట పిల్లల మనసులోని బాధ విని దారి చెప్పడానికి అర్హత ఉన్న కౌన్సిలర్ ఒకరైనా ఉండాలని ఉంది. మన ఊళ్ళలో వందమంది కంటే తక్కువ పిల్లలున్న హైస్కూళ్ళు లేకపోలేదు గానీ, ఫ్లెక్సీలు కట్టే స్కూళ్ళేవీ ఆ లెక్కలోకి రావు. మా ట్యూషన్ పిల్లల్ని "మీ బడిలో కౌన్సిలర్ ఎవరు?" అని అడిగితే, ఒకడు "అడ్మిషన్లప్పుడు ఇంటికొచ్చే సారేనా?" అన్నాడు.

ఫ్లెక్సీల మాట వచ్చింది కాబట్టి. ఒత్తిడి తగ్గుతుందని 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతికి మార్కులు తీసేసి గ్రేడ్లు తెచ్చారు. అప్పుడు 10కి 10 జీపీఏ వచ్చినవాళ్ళ ఫోటోలు వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ మార్కులొచ్చాయి, తెలంగాణలోనూ 2025లో మార్కులు తిరిగొచ్చాయి. ఫోటోల పక్కన అంకె మారింది, అంతే. 2022లో పదో తరగతి ర్యాంకుల ప్రచారం చెయ్యొద్దని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సీబీఎస్ఈ కూడా పిల్లల మధ్య అనారోగ్యకరమైన పోటీ వద్దంటూ మెరిట్ లిస్టు ప్రకటించడం మానుకుంది. అయినా ఎండాకాలంలో మా బోసురోడ్డులో నడిస్తే తల ఎత్తిన చోటల్లా పిల్లల మొహాలే. 2025లో మన రాష్ట్రంలో 600కి 600 కూడా వచ్చేశాయి. ఇంక 597 వచ్చిన పిల్ల "ఆ మూడూ ఎక్కడ పోయాయి?" అనే ప్రశ్నకి జవాబు వెతుక్కోవాలి. ఫ్లెక్సీలో ఉన్న పిల్ల ఆ వేసవంతా బజారుకి రావడం మానేస్తుందని మీకు తెలుసా? పోకిరీలు పేరు పెట్టి, మార్కులు పెట్టి పిలుస్తారు.

ప్రభుత్వ బడుల్లో ఫ్లెక్సీ బాధ తక్కువ, ఇంకో బాధ ఎక్కువ. అక్కడ టాపరంటే బడి పరువు. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాసి ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్ తెచ్చేది ఆ పిల్లే, పదిలో మార్కులు తెచ్చుకుని ట్రిపుల్ ఐటీ సీటు కొట్టేదీ ఆ పిల్లే. మంచిదే, ఆ పిల్లకి ఇంకో దారి లేదు, మీ కష్టమూ అందులో ఉంది. కానీ ఎంఈవో గారొచ్చినా, ఇంకెవరొచ్చినా ఆ ఒక్క పిల్లనే లేపి ఇంగ్లీషు చదివిస్తుంటే మిగతా పిల్లలకు అర్థమయ్యేది ఒకటే: మనల్ని ఎవరికీ చూపించరు. నోట్సు బాగున్నది ఆ పిల్లదే, డీఈవో గారి ముందు పెట్టేది ఆ పిల్లదే. వెనక బెంచీవాడు ఆ నోట్సు మీద సిరా ఒలకబోస్తే దుర్బుద్ధి అంటాం.

పబ్లిక్ పరీక్షల్లో జరిగేదాని గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తాను. "నీ వెనకాల ఫలానావాడు ఉంటాడు, కాస్త పేపరు పక్కకి జరుపు, వాడు తప్పితే మన వంద శాతం పోతుంది" అని పెద్దవాళ్ళే చెప్పి పంపించారని పిల్లలు నాకు చెప్పారు, ఒక బడి పిల్లలు కాదు. చూపిస్తే పట్టుబడి డిబారయ్యేది ఆ పిల్ల. చూపించకపోతే ఫలానావాడు ఫెయిలైన పాపం ఆ పిల్లది. మార్చి నెలంతా ఆ టెన్షన్‌తో నిద్రపోని పిల్లలున్నారు, సిలబస్ మొత్తం వచ్చి కూడా.

అందరు టాపర్లూ అమాయకులని నేను అనను. నోట్సు అడిగితే ఇంట్లో మర్చిపోయానని చెప్పేవాళ్ళున్నారు. తప్పు చెప్పినవాణ్ణి చూసి పకపకా నవ్వేవాళ్ళున్నారు. "మా డాడీ మీలాంటివాళ్ళతో తిరగొద్దన్నారు" అని మొహం మీద చెప్పినది మా వరండాలోనే జరిగింది. దానికి తగిన మందు ఆ రోజే వేశాను, వాళ్ళ నాన్నకి కూడా. మీ ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. ఒక్కో గదిలో అరవై మంది, పైనుంచి పాస్ పర్సెంటేజీ, యాప్‌లో అప్‌లోడ్లు, జవాబు చెప్పగలిగే పిల్లలు నలుగురు. ఆ నలుగురి భుజాల మీద క్లాసు నడిపించేద్దామని అనిపించడం సహజం. ఆ ఒక్క గంటా తేలిగ్గా గడిచిపోతుంది. ఆ భారం గంట కొట్టాక ఎవరి మీద పడుతోందో చూడమంటున్నాను.

బీఈడీలో ఒక పాఠం చెప్పారు, మీకూ చెప్పే ఉంటారు. 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరం. నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ పిల్లల్ని ఒకే బడుల్లో కలిపారు, క్లాసుల్లో ఒకటే గొడవలు. ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్‌ని పిలిచారు. ఆయన క్లాసుల్లో కూర్చుని చూస్తే టీచరు ప్రశ్న అడగడం, కొందరు "నేను, నేను" అని చేతులెత్తడం, ఒకరికి అవకాశం రావడం, మిగతావాళ్ళు మొహాలు మాడ్చుకోవడం. ఆయన పాఠాన్ని ముక్కలు చేశాడు. చిన్న గుంపుల్లో ఒక్కో పిల్లకీ ఒక్కో ముక్క ఇచ్చి, మిగతావాళ్ళకు చెప్పమన్నాడు. పక్కవాడి ముక్క వినకపోతే తనకే పాఠం పూర్తవదు. వెక్కిరించినవాళ్ళే చెవులొగ్గాల్సి వచ్చింది. దీన్ని జిగ్‌సా పద్ధతి అంటారు.

దీనికి స్మార్ట్ బోర్డులు అక్కర్లేదు, నేను చాప మీద చేస్తాను. జీర్ణవ్యవస్థ పాఠానికి నోరు ఒకరికి, జీర్ణాశయం ఒకరికి, చిన్నపేగు, పెద్దపేగు, కాలేయం తలా ఒకరికి ఇచ్చాను. కాలేయం వచ్చినవాడు సైన్సులో ఎప్పుడూ ఇరవై దాటనివాడు. వాళ్ళ నాన్నకి మటన్ కొట్టుంది. "కాలేయమంటే కార్జమే కదా ఆంటీ" అని మొదలుపెట్టి, దాని రంగు, బరువు, దానికి అంటుకుని ఉండే పసరు తిత్తి, అది కోసేటప్పుడు పగిలితే కార్జమంతా ఎలా చేదెక్కిపోతుందో చేతులు తిప్పుతూ చెప్పాడు. "ఆ పసరే పైత్యరసమా?" అని అడిగింది మా క్లాస్ ఫస్ట్ పిల్ల. పుస్తకంలో ఆ పేరు బట్టీ పట్టి ఉంది గానీ, అదొక పచ్చటి నీళ్ళని ఆ పిల్లకి అప్పటిదాకా తెలియదు. వాడు పుస్తకం తిరగేసి చూసి "అవునే, అదే" అన్నాడు. తర్వాత యూనిట్ టెస్టులో వాడికి మార్కులేమీ విరగబడి రాలేదు. కానీ ఆ పిల్ల వాణ్ణి ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తుంది, వాడు దాని సైకిల్ గాలి తీయడం మానేశాడు. వారానికి ఒక్క పీరియడ్, ఏదో ఒక్క సబ్జెక్టులో చేసి చూడండి.

మిగతావాటికి ఖర్చు కూడా లేదు. పిల్ల చేత పిల్లల్ని కొట్టించడం ఈ రోజే ఆపెయ్యవచ్చు. మార్కుల పేపర్లు పేరు పిలిచి, మార్కు చదివి, విసిరి ఇవ్వకుండా మడిచి చేతికిస్తే సరిపోతుంది. పేరెంట్స్ మీటింగులో ఒక పిల్ల మార్కులు ఇంకో పిల్ల తల్లి ముందు మాట్లాడొద్దు, ఇళ్ళలో పోలికలు అక్కడి నుంచే మొదలవుతున్నాయి. పేపర్లు దిద్దడం టీచరు పని, తీరిక లేకపోతే టెస్టు ఒకటి తగ్గించండి. క్లాస్ ఫస్ట్ వచ్చిన పిల్లను మెచ్చుకోవద్దని అనడం లేదు, మనసారా మెచ్చుకోండి, కానీ ఆ వాక్యాన్ని ఆ పిల్ల దగ్గరే ఆపండి. "బాగా రాశావమ్మా" తర్వాత "మీరూ ఉన్నారెందుకు" అన్నది రాకపోతే చాలు.

జూన్‌లో బడులు తెరుస్తారు. మొదటి వారంలోనే లీడర్లను పెడతారు. ఈసారి మార్కుల రిజిస్టరు చూడకుండా పెట్టండి. పిల్లలే ఓట్లేసుకుంటారో, నెలకొకరు చొప్పున మారతారో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. బోర్డు మీద పేర్లు రాసే పని మాత్రం ఏ లీడరుకీ ఇవ్వకండి.

మా ట్యూషన్‌కి వచ్చే పిల్లల బడులన్నిటికీ ఈ ఉత్తరం కాపీ నేనే తెచ్చి ఇస్తాను. ఇందులో తప్పుందనిపిస్తే అక్కడే చెప్పండి, వింటాను. జిగ్‌సా పాఠాలకు నేను రాసుకున్న చీటీలు ఎనిమిదో తరగతి సైన్సువి, తొమ్మిదో తరగతివి ఉన్నాయి. కావాలన్నవాళ్ళకు జిరాక్స్ తీయించి ఇస్తాను.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచరు,
తెనాలి